ఒకరి చేతుల మీద

"రేపు వాళ్ళు మళ్ళీ వస్తున్నారు. ఈసారి మా అమ్మకి తల దువ్వొద్దు" అంది దలాల్.

రూతమ్మ మంచం పక్కన కింద కూర్చుని పెద్ద మామా కాళ్ళకి నూనె రాస్తోంది. ఈ అరబ్బు ఇంట్లో పనివాళ్ళు యజమానురాళ్ళని మామా అంటారు; తల్లి పెద్ద మామా, కూతురు దలాల్ చిన్న మామా. వికలాంగుల ఆఫీసు నుంచి ఆ ఫోను వచ్చాక దలాల్ తనతో మాట్లాడటం ఇదే మొదలు. అందుకని ముందు మాట వినబడిన సంతోషం కలిగింది. ఆ మాటకి అర్థం తరవాత తట్టింది.

"స్నానం, మామా?" అని అరబ్బీలో అడిగింది.

"వాళ్ళు వెళ్ళాక చేయించు."

"బట్టలు?"

"రాత్రి వేసుకున్నవే ఉండనీ." దలాల్ తల్లి వైపు చూడకుండా కిటికీ వైపు చూస్తూ చెప్పింది. "కుర్చీలో కూర్చోబెట్టకు. మంచం మీదే ఉంచు. ఏదడిగినా ఉన్నది ఉన్నట్టు చెప్పు. పోయినసారి చెప్పినట్టు కాదు."

పెద్ద మామా కళ్ళు మూసుకుని ఉంది. నిద్రపోతోందో, వింటోందో తెలియదు. పక్షవాతంతో కుడి పక్క పడిపోయాక ఆ ముఖం చూసి ఏదైనా పోల్చుకోగలిగేది ఒక్క రూతమ్మే. ఇప్పుడు ఆ రూతమ్మ కూడా అటు చూడలేదు.

దలాల్ వెళ్ళిపోయింది.

పోయినసారి వాళ్ళు వస్తున్నారని తెలిసి రూతమ్మ చీకటితోనే లేచింది. పెద్ద మామాకి తలంటింది. తెల్లటి జుట్టు రెండు పాయలు చేసి జడలు వేసింది. నీలం రంగు పొడుగు గౌను తొడిగింది. గదంతా సాంబ్రాణిలాంటి బుఖూర్ పొగ వేసి, మనిషిని ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టి, వెనక దిళ్ళు సర్దింది.

ఇంటికి పెద్దమనుషులు వస్తుంటే మంచాన ఉన్న మనిషిని ఎలా ఉంచాలో రూతమ్మకి ఒకరు నేర్పక్కర్లేదు. మలికిపురంలో అత్తగారు మంచం పట్టినప్పుడు, పాస్టరుగారు ప్రార్థనకి వస్తున్నారంటే చాలు, దుప్పటి మార్చి, ఉతికిన చీర కట్టి, గోడకి ఆనించి కూర్చోబెట్టేది. 'బాగా చూసుకుంటున్నావమ్మా' అని ఆయన అన్న మాట వీధిలో నాలుగు ఇళ్ళకి వినబడేది. అంతకన్నా ఇంకేం కావాలి మనిషికి?

ఆ రోజు ఆఫీసు నుంచి ఒక ఆయనా, ఒక ఆవిడా వచ్చారు. పెద్ద మామా ఎడమ చేత్తో కప్పు ఎత్తి గుటక వేసి చూపించింది. ఎన్ని నెలలు నేర్పిందో రూతమ్మ. గర్వం ఆపుకోలేకపోయింది.

తనే తింటుందా అని అడిగారు. తింటుందని చెప్పింది. బాత్రూంకి వెళ్తుందా అని అడిగారు. వెళ్తుందని చెప్పింది. ఎవరైనా పట్టుకోవాలా అని అడిగారు. పరాయి మగవాడు ఎదురుగా ఉన్నాడు. ఆ ఇంటి పెద్దావిడ కుర్చీలో తల ఎత్తుకుని కూర్చుని ఉంది. "కొంచెం పట్టుకుంటాను" అంది రూతమ్మ.

ఆ కొంచెంతోనే ఫైలు 'తీవ్రం' నుంచి 'మధ్యస్థం'లోకి దిగిపోయింది.

వికలాంగుల ఆఫీసు పద్ధతి అది. ఏటేటా ఇంటికొచ్చి చూస్తారు. తీవ్రం అంటేనే ఇంట్లో ఉంచి చూసుకోవడానికి ఒక మనిషిని ఇస్తారు. రూతమ్మ ఇఖామా, ఈ దేశంలో ఉండనిచ్చే ఆ కార్డు, ఆ ఫైలు మీద వచ్చిందే. పైకీ కిందకీ కదిలే ఆ మంచమూ, వారం వారం కాళ్ళూ చేతులూ ఆడించడానికి వచ్చే అమ్మాయీ అంతే. మధ్యస్థం అంటే పగలు ఒక పూట సెంటరుకి తీసుకెళ్ళి తీసుకొచ్చుకోమంటారు. మిగతాది ఇంటివాళ్ళు చూసుకోవాలి.

దలాల్ టీచరు. పగలంతా బళ్ళో ఉంటుంది. ఆవిడ అన్న బద్ర్ అహ్మదిలో ఆయిల్ కంపెనీ ఇంజనీరు. ఈ ఇంట్లో పనివాళ్ళందరి వీసాలకీ పూచీ ఉన్న కఫీల్ అతనే; వాళ్ళు అతన్ని బాబా అంటారు. మధ్యస్థం అని తేలిన రోజే అతను ఖలాస్ అనేశాడు. అమ్మని సర్కారు రియాయాలో చేరుద్దాం, అక్కడ డాక్టర్లు ఎప్పుడూ ఉంటారు, మంచాన ఉన్న మనుషుల్ని చూసుకునే చోటది అన్నాడు. దలాల్ పోట్లాడి రెండోసారి చూడమని అర్జీ పెట్టింది. ఆ రెండోసారి రేపు. మూడోసారి ఉండదు.

అంకాలమ్మ వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది. రాయచోటి పక్క మనిషి. రూతమ్మ కన్నా చిన్నదే గాని, ఈ ఇంటికి ముందొచ్చింది. ఆ పెద్దరికం వదులుకోదు.

"నేను ఆ పొద్దే చెప్పితి గదా రూతక్కా, ఆ యమ్మని పెండ్లికూతురు మాదిరి కూర్చోబెట్టొద్దని."

"ఎప్పుడు చెప్పేవే? బుఖూర్ తెచ్చిచ్చింది నువ్వే."

"అడిగితివి, తెచ్చిచ్చినా. నాకేమెరుక, ఈళ్ళు కంపు కొడితేనే మనిషినిస్తారని?"

రూతమ్మకి నవ్వొచ్చింది. వెంటనే నవ్వినందుకు బాధేసింది. ముక్కాలి పీట లాక్కుని కూర్చుంది. చిన్న మామా ఏం చెప్పి వెళ్ళిందో చెప్పింది. అంకాలమ్మ కత్తి ఆపకుండా విన్నది.

"చెప్పినట్లు చెయ్యి. దాంట్లో నీకేం నొప్పి? అబద్ధం చెప్పమనలేదు గదా."

"ఆవిడ ఎదురుగా చెప్పాలే. ఎలా చెప్పమంటావు?"

"నోటితో."

"నీకు అలాగే ఉంటాది." రూతమ్మ గొంతు తగ్గించింది. "నేనొచ్చిన కొత్తలో, స్నానానికి తీసుకెళ్తే ఆవిడ ఏడిసేది. ఇంత ఇంటికి యజమానురాలు. ఇంకో ఆడది కడుగుతుంటే గోడకేసి తిరిగి ఏడిసేది. అప్పుడు నాకు అరబ్బీ కూడా సరిగ్గా రాదు. ఈ తలుపు లోపలిది బయటికి రాదు మామా అని సైగ చేసి చెప్పేను. రెండేళ్ళయింది. చిన్న మామాకి కూడా చెప్పలేదు నేను. అడిగితే, బానే ఉంది అంటాను."

అంకాలమ్మ కత్తి ఆగింది.

"చిన్న మామాకే తెలీదా?"

"కూతురికెందుకు తెలియాలి? కూతురి దగ్గర తల్లిగా ఉండనీ అనుకున్నాను."

 పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి.

"చూడక్కా" అంది అంకాలమ్మ, ఈసారి ఎగతాళి లేకుండా. "ఆ యమ్మ మర్యాద కాపాడాలని నువ్వు చూస్తాండావు. ఆ యమ్మ రియాయాకి పోతే, ఆడ పూటకొకరు కడుగుతారు. వాళ్ళకి యా తలుపూ లేదు. ఇంగ నువ్వు మీ వూర్లో ఉంటావు. నేను ఈడ బద్ర్ బాబాకి వండి పెట్టుకుంటా. తెలుగులో తిట్టుకునేదానికి గూడా మనిషుండదు నాకు."

ఉల్లిపాయలు గిన్నెలో వేసి, కళ్ళు మోచేత్తో తుడుచుకుని, ఇవి ఉల్లిపాయల నీళ్ళేలే, అనుమానం పడమాక అంది.

మధ్యాహ్నం బద్ర్ వచ్చాడు. రూతమ్మ హాల్లోకి గాహ్వా, అంటే వీళ్ళ కాఫీ, తీసుకెళ్ళేసరికి అన్నాచెల్లెళ్ళు ఎదురెదురుగా కూర్చుని, ఇద్దరి మధ్యా ఉన్న టీపాయ్ మీదకి చూస్తున్నారు. అప్పటికే చాలా అనుకున్నట్టున్నారు.

బద్ర్ అరిచే మనిషి కాదు. పోయినసారి వచ్చినవాళ్ళు చూసింది అబద్ధమా అని అడిగాడు. అబద్ధం కాదు, అది అమ్మకి మంచి రోజు అంది దలాల్. అయితే రేపు నువ్వు చూపించబోయేదేమిటి అని అడిగాడు. ఆవిడ జవాబు కోసం ఆగకుండా మళ్ళీ తనే అన్నాడు.

"అమ్మ కోలుకుంటోందని వాళ్ళంటే సంతోషించాలి. నువ్వు కోలుకోలేదని రుజువు చెయ్యడానికి కూర్చున్నావు."

"కోలుకుంది" అంది దలాల్. "ఇంట్లో ఉంది కాబట్టి కోలుకుంది. ఆ మాట రాసుకోవడానికి వాళ్ళ ఫారంలో గడి లేదు. నేనేం చెయ్యను?"

బద్ర్ కప్పు తీసుకుంటూ రూతమ్మ వైపు చూశాడు. వాళ్ళ నాన్న బాత్రూంలో జారిపడి, ఎవరూ చూడక, తెల్లారేసరికి పోయాడని అంకాలమ్మ ఎప్పుడో చెప్పింది. ఆ తలుపు మొదట తెరిచింది ఇతనేనట.

"నువ్వు చెప్పు. రాత్రి ఆవిడ పడిపోతే ఒక్కదానివీ ఏం చేస్తావు?"

"పడనివ్వను బాబా."

అతను నవ్వలేదు, కోప్పడలేదు. అలా అనేవాళ్ళనే నేను నమ్మలేను అన్నాడు, చెల్లెలితో అన్నట్టుగా. రూతమ్మ ఖాళీ కప్పులు తీసుకుని వచ్చేసింది.

సాయంత్రం సూపు తాగిస్తుంటే పెద్ద మామా మూతి పక్కకి తిప్పింది. ఏదో చెప్పాలన్నమాట. నాలుక మొద్దుబారి, మాటలన్నీ ఒకదాని మీద ఒకటి పడి వస్తాయి. కన్నకూతురు కూడా రెండు మూడుసార్లు అడిగి, సరే సరే అని తల ఊపేస్తుంది. రూతమ్మకి మాత్రం ఒక్కసారికే తెలుస్తుంది.

రేపు చుట్టాలొస్తున్నారు, నీలం గౌను తియ్యి అంది పెద్ద మామా.

రూతమ్మ స్పూను గిన్నెలో తిప్పింది. "ఏంటి మామా? అర్థం కాలేదు."

పెద్ద మామా మళ్ళీ చెప్పింది. ఇంకొంచెం కష్టపడి, ఒక్కొక్క ముక్కా విడదీసి చెప్పింది.

"సూపు చల్లారిపోతోంది" అంది రూతమ్మ.

ఆ ముసలి కళ్ళు ఆమె ముఖం మీదే చాలాసేపు ఉన్నాయి. తరవాత నోరు తెరిచి, స్పూను అందుకుంది. మూడోసారి చెప్పలేదు.

రాత్రి రూతమ్మ భర్త పాల్‌రాజుకి ఫోను చేసింది. అతను దజీజ్‌లో ఒక గోడౌన్లో పనిచేస్తాడు. లారీ దిగుతున్నట్టుంది, అవతల అరుపులు. అంతా విని, నిజం చెప్పడానికి భయమేంటి, నిన్నేమైనా అబద్ధమాడమన్నారా అన్నాడు.

"అదేనండి. అబద్ధమైతే దేవుడి దగ్గర క్షమాపణ అడుక్కునేదాన్ని. నిజానికి ఎవర్ని అడగను?"

పాల్‌రాజు ఏదో అనేలోపు అక్కడ ఎవరో పిలిచారు. మళ్ళీ చేస్తానన్నాడు.

మర్నాడు ఒక్కావిడే వచ్చింది. పేరు నూరియా అని చెప్పుకుంది. యాభై ఏళ్ళుంటాయి. చేతిలో టాబ్లెట్, ముక్కు మీదకి జారిన కళ్ళజోడు. పరాయి మగమనిషి లేడని రూతమ్మకి కొంచెం ఊపిరొచ్చింది.

గదిలో రాత్రి వాసన అలాగే ఉంది. పెద్ద మామా నలిగిన బట్టల్లో, చెదిరిన జుట్టుతో మంచం మీద ఉంది. తల దగ్గర దలాల్ కూర్చుంది. బద్ర్ గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎలా ఉన్నారు హజ్జియా?" అంది నూరియా, పెద్దవాళ్ళని పిలిచే మర్యాదతో, కూతుర్నీ కొడుకునీ పలకరించకముందే.

పెద్ద మామా ఎడమ చెయ్యి దిండు మీద వెతికింది. జారిపోయిన తలగుడ్డ అంచు దొరికింది. దాన్ని జుట్టు మీదకి లాక్కోబోయింది. రాలేదు. మళ్ళీ లాగింది. రూతమ్మ చెయ్యి దానంతటదే ముందుకెళ్ళింది. దలాల్ చూసింది. ఆ చెయ్యి వెనక్కి వచ్చేసింది.

నూరియా ప్రశ్నలు మొదలుపెట్టింది. తినడం, బట్టలు కట్టుకోవడం, మంచం దిగడం. ఒక్కోదానికీ మూడే జవాబులు. తనంతట తానా, కొంత సాయంతోనా, పూర్తిగా ఒకరి చేతుల మీదా? దలాల్ చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది. మీరు కాదు, రోజూ చేసే మనిషి చెప్పాలి అంది.

రూతమ్మ చెప్పింది. కప్పు పట్టుకుంటుంది, అన్నం నేను పెడతాను. ఎడమ చెయ్యి చొక్కాలోకి దూరుస్తుంది, మిగతాది నేను తొడుగుతాను. ఇంతవరకూ బాగానే ఉంది.

"బాత్రూం?"

రూతమ్మ గొణిగింది.

"వినబడలేదు. గట్టిగా చెప్పాలి."

"ఎత్తుకుని తీసుకెళ్తాను మేడం. కూర్చోబెట్టి పట్టుకుంటాను. తరవాత అంతా నేనే. కడగడం, తుడవడం."

"పూర్తిగా నీ చేతుల మీద."

"అవును మేడం."

"రాత్రిళ్ళు? నిన్ను లేపుతుందా, లేక తెలియకుండా అయిపోతుందా?"

 పెద్ద మామా చూపు గోడ మీద ఉంది.

"అయిపోతుంది."

"అయ్యాక ఆమెకి తెలుస్తుందా?"

తెలియదు అంటే సరిపోయేది. ఆ మాట తేలిక కూడా. కాని ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నారు. ఒకసారి తలుపు తెరిచాక ఎక్కడ ఆపాలో రూతమ్మకి తెలియలేదు.

"తెలుస్తుంది మేడం. నన్ను లేపదు. సిగ్గుపడి, తెల్లారేదాకా ఆ తడిలోనే పడుకుంటుంది. అందుకే నేనే మధ్యమధ్యలో లేచి చూస్తుంటాను."

దలాల్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బద్ర్ గుమ్మంలో చెప్పులు చూసుకుంటున్నాడు. నూరియా టాబ్లెట్ మీద వేలు నొక్కుకుంటూ పోయింది.

చివరికి కళ్ళజోడు పైకి తోసుకుని, ఇది తీవ్రం కిందికే వస్తుంది, పోయినసారి ఎలా తప్పిందో తెలియదు అంది. దలాల్ గట్టిగా ఊపిరి వదిలింది. వంగి తల్లి నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. తల్లి కళ్ళు తిప్పలేదు.

"ఒకటి మిగిలింది" అంది నూరియా. "తీవ్రం అని తేలినవాళ్ళకే ఈ ప్రశ్న. ఇంట్లో ఉంటారా, రియాయాలో ఉంటారా అన్నది వాళ్ళే చెప్పాలి. వాళ్ళు చెప్పిందే రాస్తాం. ఇంటివాళ్ళు బయట ఉండాలి."

దలాల్ నవ్వుతూనే లేచింది. జవాబు తెలిసిన ప్రశ్నకి లేచినట్టు లేచింది. బద్ర్ పక్కకి జరిగి ఆమెకి దారిచ్చాడు.

"ఈవిడ మాట మీలో ఎవరికి బాగా తెలుస్తుంది?" అని నూరియా అడిగింది.

దలాల్ ఒక్క క్షణం తడబడి రూతమ్మని చూపించింది. అయితే నువ్వుండు అంది నూరియా. తలుపు మూసుకుంది.

నూరియా కుర్చీ దగ్గరగా జరుపుకుని, నెమ్మదిగా, చిన్నపిల్లలతో మాట్లాడినట్టు కాకుండా, సాటి మనిషితో మాట్లాడినట్టే అడిగింది. హజ్జియా, ఈ ఇంట్లో ఉంటారా, రియాయాకి వెళ్తారా?

పెద్ద మామా ఆలోచించలేదు. గోడ వైపు చూస్తూనే చెప్పింది. నూరియా చెవి దగ్గర పెట్టి విన్నది. ఇంకొకసారి చెప్పమంది. మళ్ళీ అదే నలిగిన చప్పుడు.

"ఏమంటోంది?"

రూతమ్మకి మొదటిసారే తెలిసింది. ఇల్లు అంటున్నారు మేడం అంటే అయిపోతుంది. తలుపు అవతల నుంచి దలాల్ గొంతు వినబడుతోంది. వచ్చినావిడ వెళ్ళేలోపు భోజనం పెట్టాలి, యల్లా, తొందరగా కానీ అని అంకాలమ్మని పురమాయిస్తోంది.

పెద్ద మామా ఇప్పుడు రూతమ్మ వైపు తల తిప్పింది. చెబుతావా, ఇది కూడా మింగేస్తావా అని చూస్తున్నట్టుంది. నీలం గౌను సంగతి ఆవిడ మర్చిపోలేదు.

"రియాయాకి వెళ్తానంటున్నారు" అంది రూతమ్మ.

నూరియా వేలు టాబ్లెట్ మీద ఆగింది. నొక్కలేదు. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని, పెద్ద మామా ముఖం చూసింది. తరవాత రూతమ్మ ముఖం చూసింది. ఇలాంటి గదులు చాలా చూసిన మనిషిలా ఉంది.

"ఇది రాస్తే ఇంటి ఫైలు మూసేస్తారు. రాయకముందు నేను ఇంకొకటి తెలుసుకోవాలి. ఈవిడ ఇల్లు వద్దంటోందా, నిన్ను వద్దంటోందా? ఇల్లు వద్దంటే రియాయా. నిన్ను వద్దంటే ఇక్కడే ఉంచి ఇంకొకరిని పంపిస్తాం. నేనడిగితే ఆవిడ మాట నాకు తెలియదు. నువ్వే అడుగు."

రూతమ్మ మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. రోజూ కూర్చునే చోటే. పెద్ద మామా ఎడమ చెయ్యి దుప్పటి మీద ఉంది. దాన్ని పట్టుకోవాలనిపించి, పట్టుకోలేదు.

"మామా, ఇల్లు వద్దా మీకు?"

 ఆ తల దిండు మీద అటూ ఇటూ కదిలింది. అది కాదు అని. కళ్ళ నుంచి నీళ్ళు చెవి వైపు జారాయి. అర్థం చెప్పడానికి ఈసారి ఎవరూ అక్కర్లేదు. నూరియా కూడా చూసింది.

"సరే" అంది నూరియా మెల్లగా. "ఇక రెండోది అడుగు."

రూతమ్మ అడగడానికి నోరు తెరిచింది. పెద్ద మామా ఎడమ చెయ్యి దుప్పటి మీద నుంచి లేచి, ఆ ప్రశ్న బయటికి రాకుండా రూతమ్మ నోటి మీద వాలింది.